షెల్టరా, ఫోస్టరింగా, మన వీధి కుక్కలా: వలంటీరుకు ఏది మేలు?

కుక్కలను ఆదుకునే బృందంలో వలంటీరుగా చేరాలని ఉంది, ఆదివారాలు షెల్టర్‌కు వెళ్లమంటారా, దత్తత తీసుకునేవారు దొరికేదాకా కుక్కపిల్లలను ఇంట్లో పెట్టుకుని ఫోస్టరింగ్ చేయమంటారా, లేక మా వీధి కుక్కలకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించమంటారా అని నన్ను అడిగేవారు 2025 ఆగస్టులో వీధి కుక్కల మీద సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చినప్పటి నుంచి బాగా పెరిగారు. హైదరాబాద్‌లో ఆరేళ్లుగా ఈ మూడు పనులూ చేస్తూ వచ్చాను కనుక, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

మొదటిసారి కుక్కల మధ్యకు వెళ్లేవారికి షెల్టర్ మంచి బడి. బోన్లు కడగడం, గోమార్లు ఏరడం, గజ్జి పట్టిన కుక్కకు మందు పూసేటప్పుడు కదలకుండా పట్టుకోవడం వంటివన్నీ తెలిసినవాళ్లు పక్కన ఉండగా నేర్చుకోవచ్చు. పళ్లు చూపించక ముందే కుక్క తన భయాన్ని తెలియజేస్తుందని, తోకను కాళ్ల మధ్యకు ముడిచినా, మాటిమాటికీ పెదవులు నాకినా, ఒళ్లు బిగించి కదలకుండా నిలబడినా వెనక్కి తగ్గాలని నేను గ్రహించింది షెల్టర్‌లోనే. అయితే ఆదివారం ఇరవై మంది వచ్చే చోట బుధవారం ఉదయం ఒక్కరూ కనిపించరు. కాబట్టి షెల్టర్‌నే ఎంచుకుంటే పనిదినాల్లో ఒక ఉదయం రెండు గంటలు కేటాయించి, దాన్ని తప్పకుండా పాటించండి.

ఫోస్టరింగ్ అవసరం ఎక్కడ ఉందో టీకాల లెక్క చూస్తే తెలుస్తుంది. కుక్కపిల్లకు మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో వేసి, పదహారు వారాలు నిండేదాకా మూడు, నాలుగు వారాలకొకసారి మళ్లీ వేస్తారు. ఆ టీకాలు పూర్తికాని పిల్లను వందల కుక్కలు వచ్చిపోయే చోట ఉంచితే పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతకమైన అంటువ్యాధులు పొంచి ఉంటాయి. అందుకే ఒక ఇంటి స్నానాలగది మూల కూడా దాని ప్రాణం నిలబెట్టగలదు. నేను తెచ్చుకున్న రెండు పిల్లల్లో ఒకటి మూడో రోజున పాలు ముట్టలేదు. తెల్లవారేసరికి గదంతా పార్వో విరేచనాల వాసన, ఒకసారి పీల్చినవారు మరవలేనిది. ఐదు రోజులు సెలైన్ ఎక్కించాక అది బతికింది. పార్వో క్రిములు ఇంట్లో నెలల తరబడి బతికే ఉంటాయి కనుక బ్లీచింగ్‌తో ఎంత కడిగినా, టీకాలు పడని మరో పిల్లను చాలాకాలం తెచ్చుకోలేకపోయాను. ఇంటి యజమాని ఒప్పుకోవాలి, పగలు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, ఆడ కుక్కపిల్లను దత్తత తీసుకునేవారు దొరకడానికి రెట్టింపు కాలం పట్టినా ఓర్చుకోవాలి. ఇవన్నీ కుదిరే ఇల్లయితే నిస్సంకోచంగా ఫోస్టరింగ్ చేయండి.

నా మొగ్గు మాత్రం మూడోదాని వైపే. అందుకు కారణం ఒక్కటే: వీధి కుక్క నమ్మిన మనిషి ఉంటేనే మిగతా పనులన్నీ సాగుతాయి. ఆడకుక్క ఆరు నెలల వయసు నుంచే ఎదకు రావచ్చు, గర్భం సుమారు అరవై మూడు రోజులు, ఏడాదికి రెండు ఈతలు. ఈలోగా ఆపరేషన్ వ్యాన్ వస్తుంది, వల చూసిన కుక్క పారిపోతుంది, మరుసటిసారి ఆ వ్యాన్ చప్పుడు వినగానే వీధి ఖాళీ అవుతుంది. మా వీధిలో ఒక గోధుమ రంగు ఆడకుక్కకు నేను రోజూ రాత్రి ఎనిమిదింటికి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒకే గిన్నెలో పెరుగన్నం పెట్టాను. మొదటి వారం నేను మలుపు తిరిగాకే అది తినేది. పంతొమ్మిదో రోజున తింటుండగా మెడ మీద చేయి వేయనిచ్చింది, ఇరవై మూడో రోజున వలతో పనిలేకుండా చేతులతో ఎత్తి బోనులో పెట్టాను.

ఆపరేషన్ తర్వాత పని ఇంకా ముఖ్యం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించిన కుక్కను పట్టుకున్న చోటనే వదలాలి. ఒకసారి వ్యాన్ తెచ్చినవారు ఒక కుక్కను రెండు వీధుల అవతల దించి వెళ్లిపోయారు. మూడు రోజుల తర్వాత అది వెనుక కాలు కుంటుకుంటూ, తొడ మీద అక్కడి కుక్కలు కరిచిన గాట్లతో తిరిగి వచ్చింది. ఆ తర్వాత ప్రతి కుక్కనూ దించేటప్పుడు నేనే అక్కడ ఉంటున్నాను. రేబిస్ టీకా ఏటా మళ్లీ వేయించాలి, దానికోసం వ్యాన్ రాదు. కుక్కను పట్టుకోగలిగిన మనిషే వేయించాలి.

ఇరుగుపొరుగు భయాన్ని చిన్నచూపు చూడకండి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు చనిపోయిన తరువాత మా కాలనీలో తల్లులు పిల్లలను ఒంటరిగా దుకాణానికి పంపడం మానేశారు. వారితో వాదించకుండా, ఏ కుక్కకు ఏ తేదీన ఆపరేషన్ అయిందో, ఏ తేదీన టీకా పడిందో రాసిన నోటుపుస్తకాన్ని సంక్షేమ సంఘం సమావేశంలో చూపించాను. తిండి ఎక్కడ పెట్టాలో వారే నిర్ణయించారు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న సవరించిన ఉత్తర్వు కూడా నిర్దేశించిన చోటనే తిండి పెట్టాలంటోంది. అదే ఏడాది నవంబరు 7న వచ్చిన ఉత్తర్వు ప్రకారం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి పట్టిన కుక్కలను మళ్లీ అక్కడ వదలకూడదు. మీ వీధిలో బడి ఉంటే ఆ ఆవరణలోకి వెళ్లే కుక్కల గురించి బృందంతో ముందే మాట్లాడుకోండి.

ఆసుపత్రికి బండి నడపడం, దత్తత ప్రకటనలు రాయడం, పాత దుప్పట్లు, డబ్బు ఇవ్వడం వంటివి కూడా కావలసిన సాయాలే, వీలు చూసుకుని చేయండి.

వీటిలో ఏది ఎంచుకున్నా, కుక్క మీద చేయి వేయడానికి ముందే రేబిస్ ముందస్తు టీకాలు మూడు డోసులు, 0, 7, ఆపై 21 లేదా 28వ రోజున, వేయించుకోండి. ఆ తర్వాత కాటు పడినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి వైద్యుని వద్దకు వెళ్లవలసిందే. తేడా ఏమిటంటే, అప్పుడు రెండు డోసులే సరిపోతాయి.

మా వీధిలో ఇంకా ఒక కుక్క మిగిలి ఉంది. నల్లని మగకుక్క, ఒక చెవి సగం వరకు చిరిగి ఉంటుంది. గిన్నె దింపి నేను నాలుగడుగులు వెనక్కి వేస్తే గాని రాదు. ఈ వారం మూడడుగులకే వస్తోంది.