నాసా టూర్ వేరు, స్పేస్ క్యాంపు వేరు: శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లేవారి కోసం

"నాసా టూర్" పేరుతో స్కూళ్లలో పంచే కరపత్రాల్లో న్యూయార్కు, నయాగరా, డిస్నీల మధ్య ఫ్లోరిడాలోని కెనడీ స్పేస్ సెంటర్‌కి ఒక పగలు ఇరికిస్తారు. చూసి రావడానికి అది మంచి చోటే. కాని దాన్ని క్యాంపు అనకూడదు. క్యాంపు అంటే పిల్లలు అక్కడే పడుకుని, అక్కడే తిని, జట్టుగా ఒక మిషన్‌ను, అంటే ఉత్తుత్తి అంతరిక్ష యాత్రను, మొదటి నుంచి చివరిదాకా నడపాలి. కాబట్టి ప్రిన్సిపాల్‌నో ఏజెంటునో అడగాల్సింది ఒక్కటే: సిమ్యులేటర్ దగ్గర, మిషన్ కంట్రోల్ బల్ల దగ్గర ఒక్కో పిల్లకి ఎన్ని గంటలు దక్కుతాయి? జవాబు రాకపోతే అది విహారయాత్ర. విహారయాత్రకి ఇచ్చే ధరే ఇవ్వండి.

"మీ అబ్బాయిని నాసా వాళ్లు సెలెక్ట్ చేశారు" అన్న మాటను అసలు నమ్మొద్దు. ఈ క్యాంపుల్లో వయసు సరిపోయి ఫీజు కడితే సీటు వస్తుంది, అంతే.

అన్నిటిలోకీ పాతది, గట్టిది అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లోని స్పేస్ క్యాంప్. 1982లో మొదలైంది. నడిపేది నాసా కాదు, యూఎస్ స్పేస్ అండ్ రాకెట్ సెంటర్ అనే అలబామా రాష్ట్ర సంస్థ. పక్కనే నాసా వారి మార్షల్ కేంద్రం ఉంది. 9-11 ఏళ్లకు స్పేస్ క్యాంప్, 12-14కు స్పేస్ అకాడమీ, 15-18కు అడ్వాన్స్‌డ్ స్పేస్ అకాడమీ. మామూలుగా ఆదివారం చేరితే శుక్రవారం ముగుస్తుంది. మనుషుల్ని చంద్రుడి మీదికి పంపిన 363 అడుగుల సాటర్న్ 5 రాకెట్ ఒకటి ఇక్కడి హాల్లో పడుకోబెట్టి ఉంది. ఇప్పటికి మిగిలినవి మూడే, తక్కిన రెండూ కెనడీలో, హ్యూస్టన్‌లో ఉన్నాయి.

ఫొటోలు ఎక్కువగా తీసుకునేది మూడు చక్రాల్లో గిరగిరా తిప్పే మల్టీ యాక్సిస్ ట్రెయినర్ దగ్గర. తల్లిదండ్రుల భయమూ దాని మీదే. నిజానికి కడుపు తిప్పడం తక్కువే. చక్రాలు తిరిగే నడిమి బిందువు దగ్గరే కడుపు ఉంటుంది, ఒకే దిక్కులో రెండుసార్లకు మించి తిప్పరు, అందుకని చెవిలోని ద్రవం ఒక వాటం పట్టదు. దీనికన్నా నేర్పేది చంద్రుడి కుర్చీ. స్ప్రింగులతో బరువును ఆరోవంతుకు తగ్గిస్తారు, 42 కిలోల పిల్ల 7 కిలోలైపోతుంది. మన రోడ్డు మీద నడిచినట్టు నడవబోతే పాదానికి పట్టు దొరకదు, పైకి తేలి అదే చోట దిగుతుంది. కుందేలు గెంతు, పక్క అడుగు, ముందుకు వాలిన నెమ్మది పరుగు అని మూడు పద్ధతులు చెబుతారు. చెప్పింది విన్న పిల్లలు రెండో విడతకే దారిలో పడతారు. ఇలాంటి యంత్రాలకు ఎత్తు, బరువు పరిమితులుంటాయి, ఫారం నింపేటప్పుడే చూసుకోండి.

డబ్బుకు అసలు విలువ దక్కేది మిషన్ సిమ్యులేషన్‌లో. జట్టులో కొందరు వ్యోమనౌకలో, కొందరు కింద కంట్రోల్ రూములో కూర్చుంటారు. ఫ్లైట్ డైరెక్టర్, క్యాప్‌కామ్, కమాండర్, పైలట్, మిషన్ స్పెషలిస్ట్ అని పాత్రలు. మధ్యలో శిక్షకులు కావాలని ఒక లోపం పెడతారు. చెక్‌లిస్టులో ఆ పేజీ వెతికి, వరస తప్పకుండా చేసి, పైవాళ్లకు చెప్పాలి. ఇక్కడే మన పిల్లలు వెనకబడతారు. లెక్కలు రాక కాదు, హెడ్‌సెట్‌లో అమెరికా యాసను ఒక్కసారి విని అందుకోలేక. క్యాప్‌కామ్ అంటే వ్యోమగాములతో మాట్లాడే ఒకే ఒక్క గొంతు. ఆ కుర్చీ కోరుకునే పిల్లకి ఇంట్లోనే నెల రోజులు సాధన చేయించవచ్చు: ముందు ఎవరిని పిలుస్తున్నారో వారి పేరు, తర్వాత తన పేరు, తర్వాత విషయం, ఆఖర్న అవతలివారు చెప్పిన సంఖ్యను తిరిగి చదవడం. రెండు ఫోన్లు, రెండు గదులు చాలు. ఇది లేకుండా వెళ్తే కమాండర్ టోపీ పెట్టుకుని మూగగా కూర్చుని వస్తారు.

మోడల్ రాకెట్ కట్టించే పూట కూడా బాగుంటుంది. చెడేది రెండు చోట్ల: రెక్కలు వంకరగా అంటిస్తే రాకెట్ గాలిలో చుట్టలు తిరుగుతుంది. పారాచూట్ కింద మంటను ఆపే కాగితం కుక్కకపోతే వేడి వాయువుకు ప్లాస్టిక్ కరిగి ముద్దవుతుంది, పారాచూట్ తెరుచుకోదు. మోటారు మీద బీ6-4 అని ఉంటే బీ మొత్తం శక్తి తరగతి, 6 సగటు తోపు న్యూటన్లలో, 4 అంటే మోటారు మండి ఆగాక పారాచూట్ విడుదలయ్యే దాకా పట్టే సెకన్లు. ఆ మోటార్లు విమానంలో ఏ సంచీలోనూ తేకూడదు.

బసకు అంతరిక్ష కేంద్రం గదుల్లా కట్టిన హాస్టల్. బంకు మంచాలు, ఏసీ చలి. పల్చటి స్వెట్టర్ తప్పనిసరి. తిండి క్యాంటీన్‌లోనే. శాకాహారమని ముందే రాసివ్వాలి, గుడ్డు తింటారో లేదో విడిగా రాయాలి. శాకాహారమంటే వాళ్ల లెక్కలో చీజ్ పిజ్జా, సలాడ్, పాస్తా. అన్నం కోసం ఎదురుచూసే పిల్లలకి మొదటి రెండు రోజులు కష్టమే. చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి సర్దకండి. మాంసంతో చేసినదాన్ని కస్టమ్స్ వారు తీసేస్తారు. పచ్చి కరివేపాకుకూ అదే గతి. మందులు అసలు డబ్బాల్లో, డాక్టరు ఇంగ్లీషు చీటీతో పంపాలి. మన పారాసిటమాల్‌ని అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, పిల్లకి ఆ పేరు నేర్పండి.

దారిలో ఎక్కువ దెబ్బ తగిలేది పేరు దగ్గర. మన జిల్లాల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఆధార్‌లో, పూర్తిగా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే, అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరుగా మారి, సొంత పేరు చోట ఎఫ్ఎన్‌యూ (సొంత పేరు తెలియదు) అని పడుతుంది. టికెట్టు, క్యాంపు ఫారం దానితో కలవక చెక్-ఇన్‌లో తంటా. కాబట్టి విశాఖ పాస్‌పోర్టు కార్యాలయానికి వెళ్లేముందే ఇంటిపేరు పూర్తిగా రాయించండి.

వీసా ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో. విజయనగరం నుంచి రాత్రి రైలు ఎక్కితే చేరొచ్చు, కాని బయోమెట్రిక్స్‌కి, ఇంటర్వ్యూకి వేర్వేరు అపాయింట్‌మెంట్లు కాబట్టి బసకి లెక్క వేసుకోవాలి. సందర్శక వీసా ఫీజు 185 డాలర్లు, వీసా రాకపోయినా తిరిగి రాదు. క్యాంపు వారి చేరిక పత్రం, స్కూలు లెటరు, ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూపే కాగితాలు పట్టుకోవాలి. క్యాంపు డిపాజిట్ తిరిగొచ్చే గడువు వీసా ఇంటర్వ్యూ తేదీ తర్వాత ఉండేలా చూడండి. వరస తిప్పితే రెండు చోట్లా డబ్బు పోతుంది.

తేదీలది ఇంకో చిక్కు. ఆంధ్రలో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. అక్కడ వేసవి క్యాంపులు జోరందుకునేది అప్పుడే. మే చివర, జూన్ మొదటి వారాలకే ప్రయత్నించాలి. విశాఖ నుంచి హైదరాబాద్ లేదా ఢిల్లీ, అక్కడి నుంచి గల్ఫ్ లేదా యూరప్, ఆపై అట్లాంటా వంటి పెద్ద నగరం, చివర హంట్స్‌విల్. అమెరికాలో మొదట దిగిన చోట సాధారణంగా సామాను తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ వేయాలి, అందుకని మూడు గంటల వ్యవధి లేని టికెట్టు కొనొద్దు. వేసవిలో మనకీ హంట్స్‌విల్‌కీ సమయం తేడా పదిన్నర గంటలు. ఆదివారం ఉదయం దిగిన పిల్ల మంగళవారం వరకు బ్రీఫింగులో నిద్రపోతుంది. శుక్రవారానికే చేరి పక్కనున్న మారియట్‌లోనో చవకైన లాడ్జీలోనో ఉండండి. ఊళ్లో కారు లేకుండా తిరగలేరు.

కెనడీ స్పేస్ సెంటర్‌కి ఒర్లాండో నుంచి కారులో గంట. అంతరిక్షానికి వెళ్లొచ్చిన అట్లాంటిస్ షటిల్ నౌకని 43.21 డిగ్రీలు వాల్చి వేలాడదీశారు. ఆ హాలు, బస్సులో తీసుకెళ్లే సాటర్న్ కేంద్రం, రెండూ తీరిగ్గా చూడాలంటే రెండు రోజులు కావాలి. అక్కడి క్యాంపు పగటిపూటదే, బస ఉండదు. అమ్మానాన్నలు రోజూ దింపి తేవాలి. హ్యూస్టన్ స్పేస్ సెంటర్ బంధువులు టెక్సస్‌లో ఉన్నవారికి తెలివైన ఎంపిక.

తుర్కియేలోని ఇజ్మీర్ క్యాంపు 2000లో మొదలైంది. హంట్స్‌విల్ నమూనాయే, విమానాశ్రయానికి దగ్గర, సమయం తేడా రెండున్నర గంటలే. చిన్న పిల్లలకి ఇది సుఖం. కాని అమెరికా, బ్రిటన్, షెంజెన్ లాంటి వీసా చేతిలో లేకపోతే మనవారికి ఈ-వీసా రాదు. బెల్జియంలోని యూరో స్పేస్ సెంటర్‌కి వెళ్లాలంటే ఆ వారం ఏ భాషలో నడుపుతారో మొదట అడగండి.

ఇంత ఖర్చు పెట్టి పంపితే వ్యోమగామి అవుతారా? హంట్స్‌విల్ పిల్లల్లో అలా ఎదిగినవారున్నారు: డాటీ మెట్‌కాఫ్ లిండెన్‌బర్గర్ 2010లో షటిల్‌లో వెళ్లారు, క్రిస్టినా కుక్ (Koch) చంద్రుడి చుట్టూ తిరిగొచ్చే ఆర్టెమిస్-2 యాత్ర జట్టుకు ఎంపికయ్యారు. కాని నాసా వ్యోమగామికి అమెరికా పౌరసత్వం కావాలి. మనవైపు గగన్‌యాన్‌కి ఎంచిన నలుగురూ వైమానిక దళ పైలట్లు. వారిలో శుభాంశు శుక్లా 2025 జూన్ 25న యాక్సియమ్-4 యాత్రలో అంతరిక్ష కేంద్రానికి వెళ్లి జూలై 15న తిరిగొచ్చారు. 2035కి భారత అంతరిక్ష కేంద్రం, 2040కి చంద్రుడి మీద భారతీయుడు అన్నది ప్రభుత్వ లక్ష్యం. ఇప్పుడు పదమూడేళ్ల పిల్లలు అప్పటికి ఉద్యోగాల్లో ఉంటారు. మన కేంద్రానికి ఎక్కేవారు కొందరే. గాలి శుద్ధి చేసే యంత్రాలు, సూట్లు, వైద్యం, కంట్రోల్ రూము బల్లలు నడిపేవారు వందల్లో కావాలి. క్యాంపులో ఆ బల్ల ఇష్టపడ్డ పిల్లకే ఎక్కువ లాభమని మా లెక్క.

విదేశానికి ముందు ఇస్రో వారి పిల్లల శిక్షణ కార్యక్రమం యువికా చూడండి. 2019 నుంచి నడుస్తోంది. తొమ్మిదో తరగతి పిల్లలకి, వేసవిలో రెండు వారాలు, బస, భోజనం, ప్రయాణం ఉచితం. ఎనిమిదో తరగతి మార్కులకు సగం వెయిటేజీ, పంచాయతీ పరిధిలోని బడులకు అదనంగా 15 శాతం. పలాస, సాలూరు పక్క ఊళ్ల పిల్లలకి ఇది పెద్ద మొగ్గు, అయినా ఎనిమిదో తరగతిలో ఎవరూ చెప్పరు. శ్రీహరికోట, హైదరాబాద్, తిరువనంతపురం వంటి కేంద్రాల్లో ఒకటి వస్తుంది.

ప్రయోగం కళ్లారా చూడాలంటే శ్రీహరికోట గ్యాలరీకి ఆన్‌లైన్‌లో ముందుగా నమోదు చేసుకుని, గుర్తింపు కార్డుతో వెళ్లాలి. సీట్లు త్వరగా నిండిపోతాయి. ఆముదాలవలస నుంచి గూడూరు దాకా రైలు, అక్కడి నుంచి సూళ్లూరుపేట. ప్రయోగం రోజుల్లో సూళ్లూరుపేట లాడ్జీలు దొరకవు, నాయుడుపేటలోనో నెల్లూరులోనో గది తీసుకోండి. ప్రయోగం వాయిదా పడడం మామూలే, తిరుగు టికెట్టు రెండు రోజుల తర్వాతదే కొనండి.