డ్యాష్‌క్యామ్‌కు కరెంటు: సాకెట్ నుంచా, ఫ్యూజు బాక్సు నుంచా?

కారు ముందు అద్దానికి బిగించి దారిని రికార్డు చేసే కెమెరాయే డ్యాష్‌క్యామ్.

ఖర్చు: కారులోని 12 వోల్టుల సాకెట్‌లో (సిగరెట్ లైటర్ పెట్టే చోటు) గుచ్చే ఛార్జర్ సాధారణంగా కెమెరాతోనే వస్తుంది. ఫ్యూజు బాక్సుకైతే 12 వోల్టులను 5 వోల్టులకు దించే కిట్టు కొనాలి, బిగించినందుకు కూలీ ఇవ్వాలి.

శ్రమ: మొదటిది క్షణాల పని. కానీ అరకు ఘాట్ మలుపుల్లో ఆ వైరు చేతికి తగులుతుంటే చిరాకే.

అసలు తేడా రిస్కులో ఉంది. చాలా కార్లలో ఇంజను తాళం తీయగానే సాకెట్ ఆగిపోతుంది, బ్యాటరీకి భయం లేదు. ఫ్యూజు బాక్సులో ఎప్పుడూ కరెంటుండే లైను తీసుకుంటే, ఆర్కే బీచ్ దగ్గర బండి ఆపి వెళ్లినా కెమెరా మేలుకునే ఉంటుంది. బ్యాటరీ మాత్రం తరుగుతుంది. అందుకే వోల్టేజీ ఒక హద్దు దిగగానే సరఫరా ఆపేసే కిట్టే తీసుకోవాలి. వైర్లు కోసి అతికిస్తానన్న మెకానిక్‌కు నమస్కారం పెట్టి వచ్చేయండి. ఫ్యూజు స్థానంలో దూర్చి కరెంటు తీసుకునే చిన్న కనెక్టర్, అంటే ఫ్యూజు ట్యాప్ చాలు. ముందు అద్దం పక్కనున్న కారు స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటే వైరు దాని వెనకగా పోవాలి. విశాఖ ఉప్పుగాలి ఊరు కాబట్టి, కిట్టు ఎర్త్ వైరును కారు బాడీకి బిగించిన బోల్టు తుప్పు పట్టిందేమో అప్పుడప్పుడు చూడాలి.

బిగింపు సంగతి ఎటైనా ఒకటే: విశాఖ మే ఎండకు అద్దానికి నొక్కి అతికించే రబ్బరు సక్షన్ కప్పు ఊడుతుంది, జిగురు టేపే మేలు.

రాత్రి అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నిలిపే కారుకు, వారంటీలో ఉన్న కొత్త కారుకు సాకెట్ చాలు. రాత్రంతా వీధిలోనే ఉండే బండికి ఫ్యూజు బాక్సే.