కాలేజీ ఆటగాడికి ఏది మేలు: పాత కట్టుబాటా, కొత్త సంతా?

మా అబ్బాయి క్లోజెట్‌లో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జెర్సీ ఉంది. వీపు మీద ఒక కాలేజీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) పేరు. ఆగస్టులో కొన్నాం. జనవరి వచ్చేసరికి ఆ కుర్రాడు ఇంకో రాష్ట్రంలో ఇంకో కాలేజీకి మారిపోయాడు. మావాడు ఆ పేరు మీద నల్ల టేపు అంటించుకుని నాలుగు రోజులు తిరిగాడు. ఒక్కసారి డ్రైయర్‌లో పడగానే టేపు ఊడింది, జిగురు మిగిలింది.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా బ్యాచ్ శనివారం ఆట పెట్టుకుని కూర్చుంటే, బిర్యానీ దమ్ముకి పెట్టినప్పటి నుంచి మూత తీసేదాకా ఇదే గొడవ: కాలేజీ ఆటగాళ్లని పైసా లేకుండా ఒకేచోట కట్టి ఉంచిన పాత రూల్స్ మేలా, డబ్బు తీసుకుని కాలేజీలు మారనిచ్చే కొత్తవి మేలా అని. ఒకాయన పాత రూల్సే మేలంటాడు. ఇంకొకాయన, అంత చాకిరీ చేయించుకుని పైసా ఇవ్వకపోవడం ఏం మేలని ఎదురు తిరుగుతాడు. నాకు ఇద్దరి మాటా సగమే నచ్చుతుంది.

ముందు పాత పద్ధతి సంగతి. స్కాలర్‌షిప్ కింద ఫీజు, గది, తిండి, పుస్తకాలు ఇచ్చేవారు. అంతకు మించి ఆటగాడు తన పేరు మీద ఒక్క డాలరు సంపాదించినా తప్పే. ఒహాయో స్టేట్‌లో ఐదుగురు ఆటగాళ్లు తమ సొంత బహుమతులు అమ్ముకుని, పచ్చబొట్లు తక్కువ ధరకు వేయించుకున్నారని 2011 సీజన్‌లో మొదటి ఐదు మ్యాచ్‌లు ఆడకుండా వేటు వేశారు. 2014లో కనెక్టికట్ జట్టు బాస్కెట్‌బాల్ టైటిల్ గెలిచిన రోజుల్లోనే, ఆ జట్టు స్టార్ షబాజ్ నేపియర్ కొన్ని రాత్రులు ఆకలితో పడుకుంటున్నానని విలేకరులతో చెప్పాడు. కాలేజీ ఆటల రూల్స్ పెట్టే ఎన్‌సీఏఏ పెద్దలు ఆ నెలలోనే ఆటగాళ్లకు భోజనం మీద ఉన్న పరిమితి ఎత్తేశారు. అంటే అప్పటిదాకా పరిమితి ఉండేది!

కాలేజీ మారాలంటే ఇంకో మెలిక. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో ఏడాదిపాటు బెంచీకే పరిమితం కావాలి. కోచ్‌కి మాత్రం ఆ బాధ లేదు. 2021 నవంబరులో లింకన్ రైలీ ఓక్లహోమా వదిలి యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) వెళ్లినప్పుడు ఒక్క వారం కూడా ఖాళీగా కూర్చోలేదు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం అందరికన్నా ఎక్కువ తీసుకునేది గవర్నరు కాదు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో. కాబట్టి పాత రోజుల్లో ఆటలో డబ్బు లేదని ఎవరైనా అంటే నమ్మొద్దు. డబ్బు ఉంది, ఆడేవాడి చేతికి మాత్రం వచ్చేది కాదు.

ఈ కట్టుబాటుని విప్పింది కోర్టులే. 2021 జూన్‌లో ఆల్స్‌టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదికి తొమ్మిది మంది ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆ తర్వాత ఎన్‌సీఏఏ కూడా దారికొచ్చి, జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకుని ప్రకటనల డబ్బు తీసుకోవచ్చన్నారు. అదే ఏడాది ఒక్కసారి కాలేజీ మారితే ఖాళీగా కూర్చోనక్కర్లేదన్నారు. 2024లో చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఫరవాలేదన్నారు. ఇక 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కి ఆమోదం దొరికింది. పాత ఆటగాళ్లకు పదేళ్లలో 280 కోట్ల డాలర్ల బాకీ తీర్చాలి. అంతేకాదు, కాలేజీలే తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

ఈ కొత్త సంతలో బాగుపడినవాళ్లు లేరనడం అన్యాయం. క్యామ్ వార్డ్ మా టెక్సస్ కుర్రాడే. హైస్కూల్ అయ్యాక పెద్ద కాలేజీలేవీ పట్టించుకోలేదు. శాన్ ఆంటోనియోలో ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టాడు. అక్కడి నుంచి వాషింగ్టన్ స్టేట్, అక్కడి నుంచి మయామీ, ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిలుపు. మొదటి కాలేజీలోనే కట్టిపడేస్తే ఈ మెట్లన్నీ ఎక్కేవాడా? నాకు అనుమానమే.

రెండో వైపు చూస్తే, మన తెలుగువాళ్లు బోలెడంతమంది ఉండే జెర్సీ సిటీలో సెయింట్ పీటర్స్ అని ఒక చిన్న కాలేజీ. 2022లో పదిహేనో ర్యాంకుతో కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంట్‌లోకి వచ్చి కెంటకీని, ముర్రే స్టేట్‌ని, పర్‌డ్యూని ఓడించి చివరి ఎనిమిది జట్లలో నిలిచింది. ఆ ర్యాంకుతో అంత దూరం వెళ్లిన జట్టు అంతకుముందు లేదు. పెళ్లి పందిరి ఇంకా విప్పకముందే చుట్టాలంతా వెళ్లిపోయినట్టు, కోచ్ సీటన్ హాల్‌కి పోయాడు, ముఖ్యమైన ఆటగాళ్లు తలో కాలేజీకి పోయారు. పాత రూల్ ఉంటే కోచ్ ఎలాగూ పోయేవాడు, ఆటగాళ్లలో కొందరైనా ఆగేవారు. చిన్న కాలేజీ ఇప్పుడు పెద్ద కాలేజీలకు నారుమడి. నారు పెంచేది ఒకరు, నాటుకునేది ఇంకొకరు.

2025 ఏప్రిల్‌లో టెనెసీ క్వార్టర్‌బ్యాక్ నీకో యామలియావా వ్యవహారం చూశాం కదా. డబ్బు దగ్గర బేరం కుదరలేదని వార్తలొచ్చాయి, ప్రాక్టీసుకి రాలేదు, కోచ్ ఇక వద్దన్నాడు, కుర్రాడు యూసీఎల్ఏలో తేలాడు. యూసీఎల్ఏలో ఆ చోటు కోసం వచ్చి చేరిన జోయీ అగిలార్ అక్కడి నుంచి టెనెసీకి వెళ్లాడు. చొక్కాలు మార్చుకున్నట్టు ఇద్దరూ కాలేజీలు మార్చుకున్నారు.

మా ఇళ్లలో ఎక్కువమంది పిల్లలు ఆడేది ఫుట్‌బాల్ కాదు, టెన్నిస్, ఈత. నా మిత్రుడి కూతురు టెన్నిస్ ఆడుతుంది. వారాంతమైతే కారు డిక్కీలో రాకెట్ల బ్యాగు, ఐస్ డబ్బా, పులిహోర డబ్బాతో హ్యూస్టన్, ఆస్టిన్ తిరుగుతుంటారు. స్కాలర్‌షిప్ లేకపోయినా జట్టులో చోటిస్తామని ఒక కోచ్ మాటిచ్చాడు. తర్వాత జట్టులో తలల సంఖ్యకి పరిమితి వచ్చిందని, చోటు లేదని రెండు లైన్ల మెయిల్ పెట్టాడు. ‘అన్నా, డబ్బు అడగలేదు, చోటు మాత్రమే అడిగాం కదా’ అన్నాడు మిత్రుడు. సెటిల్‌మెంట్‌లో ఒక భాగం ఇదీ. స్కాలర్‌షిప్‌ల లెక్క ఎత్తేసి, దాని బదులు జట్టులో ఇంతమందే ఉండాలని హద్దు పెట్టారు. స్కాలర్‌షిప్ లేకుండా ఇష్టం కొద్దీ ఆడే పిల్లల మీద ఈ దెబ్బ పడింది. అప్పటికే చోటు పోయినవాళ్లకు ఏదో దారి చూపమని జడ్జి క్లాడియా విల్కెన్ పట్టుబట్టాక కొంత వెసులుబాటు ఇచ్చారు. మిత్రుడి కూతురు ఆ ఏడాది కాలేజీలో చేరాల్సిన పిల్ల కాదు కాబట్టి ఆ వెసులుబాటు తనదాకా రాలేదు.

కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా పంచే డబ్బులో కూడా నాలుగింట మూడు వంతుల దాకా ఫుట్‌బాల్‌కే వెళ్తుందని పెద్ద కాలేజీల లెక్క. మగపిల్లల బాస్కెట్‌బాల్ తర్వాత మిగిలేవి చిల్లర నాణేలు. పైగా టెన్నిస్‌లో బహుమతి డబ్బుకి పాత సంకెళ్లు ఆ తర్వాత కూడా చాన్నాళ్లు అలాగే ఉండిపోయాయి. నార్త్ కరోలినాలో ఆడిన రీస్ బ్రాంట్‌మియర్ 2021 యూఎస్ ఓపెన్‌లో దాదాపు 49 వేల డాలర్లు గెలిచి, కాలేజీ ఆట కోసం అందులో ఎక్కువ భాగం వదులుకుంది. 2024లో ఎన్‌సీఏఏ మీద కేసు వేసింది. అప్పట్లో షూ కంపెనీ ప్రకటనకి లక్షలు తీసుకోవచ్చట, రాకెట్ పట్టుకుని గెలిచింది తీసుకోకూడదట! నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి రెండేళ్లు స్టాన్‌ఫర్డ్‌లో ఆడి, 2024 చివర్లో ప్రొఫెషనల్‌గా మారిపోయాడు. నెల తిరిగేసరికి ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. ఆ స్థాయి ఉన్నవాడికి మారడమే మేలు. లేనివాడికి కాలేజీ చోటే ఆస్తి.

సంపాదనకు హద్దులుండే ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ల సంగతి మనకు విడమర్చి చెప్పక్కర్లేదు. పర్‌డ్యూలో ఏడడుగుల నాలుగంగుళాల కెనడా కుర్రాడు జాక్ ఈడీ దేశంలోనే ఉత్తమ ఆటగాడైనా, వీసా కారణంగా తోటివాళ్లలా ప్రకటనల డబ్బు తీసుకోలేకపోయాడు.

మూడో దారి ఒకటుంది. ఆటగాళ్లని ఉద్యోగులుగానో, కనీసం బేరమాడే హక్కున్న సంఘంగానో గుర్తించి, రెండు మూడేళ్ల కాంట్రాక్టు రాసుకోవడం. నా మొగ్గు ఇటే. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ క్లాసెన్‌ని 23 కోట్లకు అట్టిపెట్టుకుందని ఉప్పల్ స్టేడియం బయట టీ అమ్మేవాడికి కూడా తెలుసు. ఎప్పుడు వదలొచ్చు, ఎప్పుడు కొనొచ్చు అన్నది ముందే రాసి ఉంటుంది. ఇక్కడ పక్కన కూర్చున్న ఆటగాడికి ఎంత వస్తుందో తోటి ఆటగాడికే తెలియదు. అందుకే ఏడాదికోసారి అందరూ సంతకి వెళ్లి తమ ధర చూసుకుంటున్నారు.

దీనికీ చిక్కులున్నాయి. డార్ట్‌మౌత్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు 2024 మార్చిలో 13-2 ఓట్లతో యూనియన్‌కి ఒప్పుకున్నారు, ఏడాది చివరి రోజున పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. మా టెక్సస్‌లో అయితే పోలీసులు, ఫైర్ వాళ్లు తప్ప ప్రభుత్వ ఉద్యోగులు సంఘంగా బేరమాడి ఒప్పందం రాసుకోవడానికి చట్టమే ఒప్పుకోదు. ఉద్యోగి అన్నాక తీసేయడమూ ఉంటుంది. చిన్న కాలేజీలు ఆ ఖర్చు మోయలేక ఈత కొలనుకో, టెన్నిస్ కోర్టుకో తాళం వేయొచ్చు. అందుకే ఈ దారి డబ్బు తెచ్చే రెండు ఆటల వరకే ఉంటే మంచిదని నా ఉద్దేశం. మిగతా ఆటలకు తలల హద్దు ఎత్తేసి, పాత పద్ధతినే కొద్దిగా వదులు చేసి ఉంచాలి.

మొత్తం మీద స్టార్ క్వార్టర్‌బ్యాక్‌కి ఇప్పటి సంతే మేలు, అందులో నాకు సందేహం లేదు. మామూలు ఆటగాడికి మాత్రం జాగ్రత్త. కాలేజీ మారాలనుకునేవాళ్ల జాబితా అయిన పోర్టల్‌లో పేరు వేసుకున్న ప్రతివాడికీ కొత్త చోటు దొరకదు, ఈలోగా పాత కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు. రెండుసార్లు మారితే కొన్ని కోర్సుల క్రెడిట్లు లెక్కలోకి రాక డిగ్రీ వెనక్కి పోతుంది. మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

మిత్రుడి కూతురికి ఇప్పుడు ఐవీ లీగ్, డివిజన్ త్రీ (ఎన్‌సీఏఏలో మూడో శ్రేణి) కాలేజీలు చూస్తున్నారు. రెండు చోట్లా ఆట పేరు మీద స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఐవీ కాలేజీలు ఆ సెటిల్‌మెంట్‌లోనే చేరలేదు కాబట్టి వాటికి ఆ తలల హద్దు లేదు. ఈసారి కోచ్‌తో ఫోన్ మాట్లాడిన ప్రతిసారీ మిత్రుడు సాయంత్రానికల్లా ఒక మెయిల్ పెడుతున్నాడు: జట్టులో ఎంతమంది, మా అమ్మాయి ఎన్నో నంబరు, వచ్చే ఏడాది ఎవరెవరు వెళ్లిపోతారు. జవాబు రాతలో వచ్చేదాకా ఆ కాలేజీకి ఫ్లైట్ టికెట్లు బుక్ చేయడం లేదు.