చేపకు ఏది ముఖ్యం: ఎఫ్ఎస్‌హెచ్ జన్యువా, ఎల్‌హెచ్ జన్యువా?

ఈ రెండు జన్యువులూ తయారుచేయించేవి సంతానోత్పత్తిని నడిపే ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లను. రెండూ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచే వస్తాయి, పని మాత్రం వేరు. జీబ్రా చేపల్లో ఒక్కో జన్యువునూ విడిగా ఆపి చూసినప్పుడు ఆ తేడా తేటతెల్లమైంది.

ఎఫ్ఎస్‌హెచ్ జన్యువు లేని చేప ఆలస్యంగా ఈడుకు వస్తుంది. అండాశయం, వృషణాల ఎదుగుదల వెనకబడుతుంది. అయినా చివరికి పిల్లలు పుడతాయి.

ఎల్‌హెచ్ లేకపోతే కథ వేరు. ఆడచేప సమయానికే ఈడేరుతుంది, కడుపులో గుడ్లూ పెరుగుతాయి. కానీ అవి పక్వమై విడుదల కావు, సంతానమే ఉండదు. మగచేపకు మాత్రం ఆ ఇబ్బంది లేదు! నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఇదే.

అంటే ఈడేరడం వరకైతే నా ఓటు ఎఫ్ఎస్‌హెచ్‌కే. గుడ్లు పెట్టించాలంటే మాత్రం ఎల్‌హెచ్ కావాల్సిందే. మన హేచరీల్లో రోజూ కనిపించేది ఈ రెండోదే. రోహు, కట్ల తల్లిచేపలు చెరువులో పక్వానికి వస్తాయి గానీ నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. 1957లో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి వేరే చేపల పిట్యూటరీ రసం ఎక్కించి ఇలాంటి కార్ప్ జాతి చేపలతో గుడ్లు పెట్టించారు. ఇప్పటి ఇంజెక్షన్లలో, ఎల్‌హెచ్‌ను విడుదల చేయించే జీఎన్ఆర్‌హెచ్ అనే మెదడు హార్మోన్‌ను పోలిన మందుతో పాటు, ఆ విడుదలను ఆపే డోపమిన్‌ను అడ్డుకునే డోంపెరిడోన్ అనే మందు ఉంటుంది. దాంతో చేప తన ఎల్‌హెచ్‌ను తానే ఒక్కసారిగా వదులుతుంది.