పాత హెక్స్ వార్‌గేములు కొంటున్నారా? ముక్కల లెక్క సరిపోయిందని డబ్బు పంపేయకండి

హెక్స్ వార్‌గేములంటే ఆరు పక్కల గడులున్న (ఆ గడే హెక్స్) మ్యాపు మీద అట్ట ముక్కలు కదిపి ఆడే యుద్ధపు ఆటలు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో వాటిలో పాతవి ఆడేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంత కొద్దిమందిలోనే ఇద్దరికి ఒకే మనిషి టోపీ పెట్టాడు. ఉండేది బెంగళూరు అంటాడు. వాళ్ల మావయ్య విదేశాల్లో ఉన్నప్పుడు కొనుక్కున్న కలెక్షన్ అమ్మేస్తున్నానంటాడు. ప్రొఫైల్ పేరు మారుస్తూనే ఉంటాడు కాబట్టి పేరు పట్టుకుని వెతికితే దొరకడు. అతను చేసే పని ఎలా ఉంటుందో, డబ్బు పంపే ముందు ఏం అడగాలో చెప్తాను.

నేను కొన్నది పాంజర్‌బ్లిట్జ్. 1970లో జిమ్ డనిగన్ డిజైన్ చేస్తే అవలాన్ హిల్ కంపెనీ వేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్, సోవియట్ ట్యాంకుల పోరు. ఒక్కో హెక్స్ అంటే 250 మీటర్లు, ఒక్కో టర్న్ అంటే ఆరు నిమిషాలు. బోర్డులు మూడు. వాటిని ఎలా తిప్పి పక్కపక్కన పెట్టినా రోడ్లు ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఆ రోజుల్లో అదే పెద్ద విశేషం. కౌంటర్లు, అంటే సైన్యాలకు గుర్తుగా కదిపే అట్ట ముక్కలు, 352. ఈ అంకె గుర్తుంచుకోండి, గొడవంతా దీనితోనే వచ్చింది.

7,500 అడిగాడు. "అమెరికాలో ఇరవై వేలు పలుకుతోంది సార్, రేర్ ఐటమ్" అన్నాడు. రేరూ లేదు, ఏమీ లేదు. ఆ కంపెనీకి బాగా అమ్ముడుపోయిన గేముల్లో ఇదొకటి, ఏళ్ల తరబడి వేస్తూనే వచ్చారు. పాతదే గానీ అరుదైనది కాదు. ఆ మాటే చెప్పి 6,000కి దించాను. ఆ ధరకి ఇక్కడ దొరకడం నిజంగానే మేలు. బయటి దేశం నుంచి తెప్పించుకుంటే ఈ పెట్టెల బరువుకి షిప్పింగ్, దాని మీద కస్టమ్స్, అన్నీ కలిపి గేము ధరను దాటిపోతాయి.

కౌంటర్ల లెక్క చూపించమంటే వీడియో కాల్ చేశాడు. పసుపు పూల టేబుల్ క్లాత్ మీద పదేసి చొప్పున దొంతరలు పేర్చి, ఓపిగ్గా లెక్కపెట్టాడు. సరిగ్గా 352. ఒక్కటి తగ్గలేదు. బోర్డులు కూడా చూపించాడు, మడిచి ఉన్నవి, వెనక వైపు.

పార్సిల్‌ని గంటస్తంభం దగ్గర మా లెక్కల మాస్టారి ఇంట్లో, ఫోన్‌లో వీడియో తీస్తూ విప్పాం. రెండు బోర్డులు బాగానే ఉన్నాయి. మూడోది విప్పి పరిస్తే ఒక పక్కంతా సముద్రం. మాస్టారు కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు.

"ఏటి బాబూ, రష్యా మధ్యలోకి భీమిలి బీచి ఎలాగొచ్చింది?"

అది పాంజర్ లీడర్ బోర్డు. 1974లో అదే కంపెనీ, అదే పద్ధతి మీద, నార్మండీ దగ్గర్నుంచి పశ్చిమ యూరప్ యుద్ధానికి వేసిన గేము. దాని బోర్డులకు ఎ, బి, సి, డి అని అక్షరాలుంటాయి, పాంజర్‌బ్లిట్జ్ బోర్డులకు 1, 2, 3 అని అంకెలు. మాకు వచ్చినవి 1, 3, డి. మిత్రసేనలు ఒడ్డుకి దిగే తీరం ఉండేది ఆ డి బోర్డు మీదే.

తర్వాత కౌంటర్లు వేరు చేశాం. సోవియట్ రైఫిల్ కంపెనీలు సగం లేవు. ఆ ఖాళీ నింపడానికి అమెరికా షెర్మన్ ట్యాంకులు, బ్రిటిష్ పదాతి ముక్కలు వేశాడు. అందుకే లెక్క 352కి అంత చక్కగా సరిపోయింది! రెండు చిరిగిన సెట్లు కలిపి ఒక "కంప్లీట్" సెట్ చేసి అమ్మాడన్నమాట. ఏ పోరుకి ఏ ముక్కలు పరచాలో చెప్పే సిచ్యుయేషన్ కార్డులు పెట్టెలో 12 వచ్చాయి, వాటిలో సోవియట్ రైఫిల్ కంపెనీలు పెద్ద సంఖ్యలో కావాల్సిన వాటిని ఇప్పుడు పరచనే లేం.

పాంజర్ లీడర్ తక్కువ గేమని నేను అనడం లేదు. నా మట్టుకు అదే మెరుగు. పాంజర్‌బ్లిట్జ్‌లో ఎదుటివాడి తుపాకుల ముందు నుంచే ఒక అడవిలోంచి ఇంకో అడవిలోకి ట్యాంకులు దౌడు తీసినా ఆ కదలిక మధ్యలో కాల్చడానికి రూల్ లేదు. ఆడేవాళ్లు దానికి పాంజర్‌బుష్ అని పేరు పెట్టి వెక్కిరించేవారు. లీడర్‌లో కదులుతున్న యూనిట్ మీద కాల్చే రూల్ పెట్టి ఆ లోపం సరిచేశారు. కానీ అది కొంత, ఇది కొంత కలిపి ఇస్తే అదీ ఆడలేం, ఇదీ ఆడలేం.

అతనికి ఫొటోలు పంపితే వచ్చిన మొదటి జవాబు, "సార్, కౌంట్ కరెక్టే కదా." మళ్లీ అడిగితే "ఓల్డ్ గేమ్ బ్రో, యాజ్ ఈజ్, నో రిటర్న్స్" అన్నాడు. సార్ నుంచి బ్రోకి దిగాక ఇక డబ్బు రాదని అర్థమైంది. సాయంత్రానికి బ్లాక్.

ఈ సంగతి శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఉండే మా ఫ్రెండ్‌కి చెప్తుంటే, తన పెట్టె తీసుకొచ్చి చూపించాడు. తను కొన్నది నెపోలియన్స్ లాస్ట్ బ్యాటిల్స్, ఎస్‌పీఐ అనే గేముల కంపెనీ వాళ్లు 1976లో వేసిన నాలుగు గేముల సెట్. లిన్యీ, కాత్ర్ బ్రా, వావ్ర్, లా బెల్ అలయాన్స్. లా బెల్ అలయాన్స్ అంటే మనకు తెలిసిన వాటర్లూనే. నాలుగూ విడివిడిగా ఆడుకోవచ్చు, నాలుగు మ్యాపులూ కలిపి పరిస్తే మొత్తం దండయాత్ర ఆడొచ్చు. ఆ కలిపి ఆడటం కోసమే ఎవరైనా దీన్ని కొంటారు.

అతని మ్యాపుల్లో మూడు అసలువి. నాలుగోది కలర్ జిరాక్స్. మంచి కాగితం మీదే తీశారు, మడతలు కూడా పెట్టారు, ఒక్కటే చూస్తే ఎవరూ పోల్చుకోలేరు. పక్క మ్యాపుతో అంచు కలిపితేనే బయటపడింది. జిరాక్స్ మెషీన్ రవ్వంత కుదించేసింది. పై మూల హెక్స్ దగ్గర హెక్స్ సరిగ్గా కూర్చుంది, కింద మూలకి వచ్చేసరికి సగం గడి పక్కకి జరిగిపోయింది. వావ్ర్ నుంచి వాటర్లూ వైపు నడిచే ప్రష్యన్ సేనాని బ్లూషర్ సైన్యం ఏ గడిలోంచి ఏ గడిలోకి వెళ్తుందో ఎవరికీ తెలియదు. ప్రష్యన్లు సాయంత్రానికి అందుకుంటారా లేదా అన్నదే కదా అక్కడ ఆటంతా.

తను కొన్నప్పుడు వచ్చిన ఫొటోలు ఫోన్‌లో ఇంకా ఉన్నాయి. అదే పసుపు పూల టేబుల్ క్లాత్. వేరే పేరు, వేరే నంబరు.

కాబట్టి డబ్బు పంపే ముందు మొత్తం ఎన్ని ముక్కలని అడగడం సరిపోదు. ఏ రంగువి ఎన్ని, ఏ రకంవి ఎన్ని అని అడగాలి. చాలా గేముల రూల్ పుస్తకంలోనో విడి కాగితం మీదో ముక్కల జాబితా ఉంటుంది, పాత గేముల జాబితాలు నెట్‌లోనూ దొరుకుతాయి. దాని ప్రకారం ఒక్కో దేశం ముక్కలు వరసలో పరిచి, ముఖాలు పైకి ఉండేలా ఫొటో తీయమనండి. దొంతరలు పేర్చి చూపిస్తే ఒప్పుకోకండి, దొంతరలో పై ముక్క ఒక్కటే కనిపిస్తుంది. బోర్డులైతే పూర్తిగా విప్పి, నంబరు కనిపించేలా. మడత దగ్గర పట్టీ చిరిగిందేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

కౌంటర్ల అంచులు దగ్గర్నుంచి తీసిన ఒక ఫొటో తప్పకుండా అడగండి. ఫ్యాక్టరీలో డైతో కోసిన ముక్కలు షీటు నుంచి విరిచినప్పుడు మూలల్లో చిన్న పీచు మిగులుతుంది. ఇంట్లో స్టిక్కర్ అంటించి కట్టర్‌తో కోసినవి నాలుగు మూలలా శుభ్రంగా, పదునుగా ఉంటాయి, పక్క నుంచి చూస్తే కాగితం పొర, అట్ట పొర విడివిడిగా తెలుస్తాయి. ఒక చిక్కుంది. శ్రద్ధ ఉన్న ఆటగాళ్లు గోళ్ల క్లిప్పర్‌తో మూలలు కత్తిరించుకుంటారు, మా మాస్టారికీ ఆ పిచ్చి ఉంది. కాబట్టి మూల గుండ్రంగా ఉందని కంగారు పడక్కర్లేదు, పొర చూడండి.

ఎస్‌పీఐ మ్యాపులకు టేపు పెట్టించండి. వాళ్ల మామూలు పెద్ద మ్యాపు 22 అంగుళాలకు 34. ఆ పెద్ద మ్యాపు కొలత తగ్గిందంటే కాపీ అని అనుమానించాల్సిందే; నెపోలియన్ సెట్‌లోలాంటి చిన్న మ్యాపులకు ఈ కొలత వర్తించదు. మ్యాపులు కలిపి ఆడే గేమైతే అన్నీ కలిపి పరిచిన ఫొటో కావాలనండి. నిజంగా ఉన్నవాడికి అది ఐదు నిమిషాల పని.

రూల్ బుక్ ఏ ఎడిషనో కూడా చూడండి. 1977లో వచ్చిన స్క్వాడ్ లీడర్‌కి, 1985లో వచ్చిన అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్‌కి పేరు కలుస్తుంది గానీ రూల్స్ వేరు, పెట్టె వేరు. రెండోదాని రూల్ బుక్ లేకుండా దాని మాడ్యూల్ (విడిగా అమ్మే అదనపు పెట్టె) ఒక్కటే కొన్నారంటే అటక మీద పెట్టుకోవడమే.

వాసన ఫొటోలో కనపడదు కాబట్టి నోరు తెరిచి అడగాలి. మన తీరం గాలికి అట్ట ముందే ఉబ్బుతుంది. అప్పటికే బూజు పట్టిన పెట్టె తెచ్చి మిగతా గేముల పక్కన పెడితే అవీ పోతాయి. మాస్టారు కొత్తగా వచ్చిన ఏ పాత పెట్టెనైనా కొన్నాళ్లు విడిగా, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో పెట్టాకే అల్మారాలోకి రానిస్తారు.

డబ్బు సంగతి. తెలియని వ్యక్తికి యూపీఐలో మన చేత్తో మనమే పంపిన డబ్బు వెనక్కి రప్పించడం కష్టం. రిటర్న్ సదుపాయం ఉన్న సైట్ ద్వారా కొనండి, లేదా సగం ముందు, సగం చూశాక అనండి. పార్సిల్ మీది చిరునామా దగ్గర్నుంచి కోత లేకుండా వీడియో తీయండి. డబ్బు తీసుకుని అసలేమీ పంపకపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. వ్యాపారంగా అమ్మేవాడు తప్పుడు వస్తువు పంపితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మేమిద్దరం మా వీడియోలు, చాట్‌లు, రెండు నంబర్లు జతచేసి ఫిర్యాదు పెట్టాం. ఇంకా డబ్బు రాలేదు.

కాపీల మీద నాకేమీ కోపం లేదు, అది కూడా చెప్పాలి. పోయిన ఒక ముక్కకి బదులు జిరాక్స్ తీసి అంటించుకోవడం ఈ ఆటలో అందరూ చేసేదే. మా మాస్టారైతే బొబ్బిలి యుద్ధానికే గేము తయారుచేస్తున్నారు. 1757 జనవరి 24, బుస్సీ ఫిరంగులు, కోట గోడలు. మ్యాపు డ్రాయింగ్ షీటు మీద చేత్తో గీసిన హెక్స్‌లు, కౌంటర్లు పాత శుభలేఖల అట్టతో. తాండ్ర పాపారాయుడి ముక్క వెనక ఇప్పటికీ ఎవరిదో ముహూర్తం టైము కనిపిస్తుంది. తర్వాత 1794 పద్మనాభం యుద్ధం చేస్తారట. కోటలో మందుగుండు ఎంత, ఫిరంగి గుండు ఎంత దూరం వెళ్లాలి అని ఆయనా నేనూ వాదించుకున్న సాయంత్రాలు కొన్న గేములతో కూడా రాలేదు. కాపీని ఒరిజినల్ అని చెప్పి వేలకు వేలు గుంజడం ఒక్కటే నాకు మింగుడుపడనిది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ పాత పెట్టెల జోలికి వెళ్లనే అక్కర్లేదు. ఫ్రాంక్ చాడ్విక్ 1986లో చేసిన బ్యాటిల్ ఫర్ మాస్కో నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రింట్ తీసి, అట్టకు అంటించి కోసుకుంటే చాలు, ముక్కలు కొద్దే. జోన్ ఆఫ్ కంట్రోల్ అంటే ఏమిటో, మూడుకి ఒకటి బలం ఉంటే ఎందుకు దాడి చేస్తారో, రైలు దారి ఎందుకు కాపాడుకోవాలో అన్నీ అందులోనే తెలిసిపోతాయి. ఎదుట ఆడేవాళ్లు దొరక్కపోతే వాసల్ అనే ఉచిత ప్రోగ్రాంలో పాత గేములు చాలావరకు కంప్యూటర్ మీదే పరుచుకుని, ఇంకో ఊళ్లో ఉన్నవాళ్లతో ఆడొచ్చు. నచ్చాకే పెట్టె కొనండి.

ఇక తాజా సంగతి. ఇప్పుడు అదే టేబుల్ క్లాత్ మీద ఆఫ్రికా కోర్ కనిపిస్తోంది, 1964 నాటి అవలాన్ హిల్ గేము. "కంప్లీట్, 9,000 ఫిక్స్‌డ్" అంటున్నాడు. అందులో జర్మన్ సేనాని రొమ్మెల్ పేరుతో ఒక ప్రత్యేక ముక్క ఉంటుంది, అది తోడుంటే జర్మన్ యూనిట్లు మామూలుకన్నా ఎక్కువ దూరం కదులుతాయి. సప్లై ముక్కలు కూడా విడిగా ఉంటాయి, అవి లేకపోతే దాడే చేయలేరు. కొనాలనుకుంటే ఆ రొమ్మెల్ ముక్కనీ, సప్లై ముక్కలన్నింటినీ ముఖం పైకి పెట్టి, పక్కన ఈ రోజు పేపరు ఉంచి ఫొటో తీయమనండి. శ్రీకాకుళం మిత్రుడు వేరే నంబరు నుంచి అడిగి చూశాడు. మెసేజ్ చదివినట్టు నీలం టిక్కులు వచ్చాయి, ఫొటో మాత్రం రాలేదు.