మన సైటుకు ఎవరు లింకు ఇచ్చారో వెతకడం: పదేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

తిరుపతి చుట్టుపక్కల ప్రదేశాల గురించి 2015 నుంచి తెలుగులో ఒక వెబ్‌సైట్ నడుపుతున్నాను. కొండ మీద దర్శనం ముగిశాక గుడిమల్లం, చంద్రగిరి కోట, తలకోన చూసి వెళ్లాలనుకునేవారే మా పాఠకులు. ప్రకటనలకు డబ్బు లేని సైటుకు ఇతరులు ఇచ్చే లింకే పరపతి. అందుకే ఆ లింకుల లెక్క నాకు చాలా ముఖ్యం.

మొదట్లో గూగుల్‌లో ఆంగ్లంలో ‘లింక్’ అని, పక్కనే కోలన్, ఆ తర్వాత సైటు చిరునామా కొట్టేవాణ్ని. ఏడో ఎనిమిదో ఫలితాలు వచ్చేవి. అవి ఎప్పుడూ నమూనా మాత్రమే. 2017లో గూగుల్ ఆ సదుపాయాన్నే పక్కన పెట్టేసింది. పాత పాఠాలు చదివి ఇప్పటికీ దాన్నే ప్రయత్నించేవారు దయచేసి మానేయండి.

సొంత సైటుకైతే, సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనానికి మించిన ఆధారం లేదు. ఉచితం. ఏ సైటు నుంచి ఎన్ని లింకులు, మన పేజీల్లో దేనికి ఎక్కువ వచ్చాయి అన్న చిట్టా దించుకోవచ్చు. అయితే అన్నీ చూపదు, ఇతరుల సైట్లు అసలే చూపదు. ఇతరుల సంగతి తెలియాలంటే, సైట్ల లింకుల లెక్క చూపే అహ్రెఫ్స్ అనే సంస్థ ఉచిత పరికరంలో చిరునామా ఇస్తే వంద లింకుల వరకు చూపుతుంది.

అహ్రెఫ్స్ నాకు చేసిన మేలు ఒకటి చెప్పాలి. 2019లో సైటు సర్దుతూ పేజీల చిరునామాలన్నీ మార్చాను. గుడిమల్లం వ్యాసానికి చరిత్ర మీద ఆసక్తి ఉన్న ఒకరు ఎంతో ప్రేమగా లింకు ఇచ్చి ఉన్నారు. దాన్ని నొక్కినవారికి రెండేళ్లపాటు ‘పేజీ లేదు’ అనే కనిపించింది. సొంత సైట్ల కోసం అహ్రెఫ్స్ ఉచితంగా ఇచ్చే ఖాతాలో ఆ లింకు పక్కన, పేజీ లేదని చెప్పే 404 అన్న అంకె చూసి గుండె జారింది. పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 అనే శాశ్వత దారి మళ్లింపు పెట్టడానికి పట్టింది ఐదు నిమిషాలు.

అహ్రెఫ్స్, అలాంటిదే అయిన మోజ్ వంటి సంస్థలు లింకులను బట్టి సైట్లకు ఇచ్చే మార్కులను నేను పట్టించుకోను. అవి ఆయా సంస్థల సొంత అంచనాలు, గూగుల్ వేసే మార్కులు కావు. జూదం సైట్ల నుంచి వందల చెత్త లింకులు వచ్చినప్పుడు మాత్రం, గూగుల్‌లో మా స్థానం పడిపోతుందేమోనని భయపడ్డాను. వాటిని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే సాధనం 2012 నుంచి ఉంది. చాలా సైట్లకు దాని అవసరం ఉండదని గూగులే చెబుతోంది కాబట్టి ముట్టుకోలేదు. మా పాఠకుల సంఖ్య తగ్గలేదు.

నేను ఎప్పటికీ వదలని పద్ధతి మరొకటి. సైటు చిరునామాను కొటేషన్ గుర్తుల మధ్య రాసి, ఖాళీ వదిలి, మైనస్, దానికి ఆనుకుని ఆంగ్లంలో ‘సైట్’, కోలన్, మళ్లీ అదే చిరునామా కొడతాను. మా పేజీలు పోగా మమ్మల్ని తలచుకున్న మిగతా పేజీలు వస్తాయి. లింకు లేని ప్రస్తావనలూ దీనికి దొరుకుతాయి.

సైటు పేరును తెలుగు లిపిలోనూ వెతకాలని చాలా ఆలస్యంగా తట్టింది. మన పేర్లను ఒకరు కలిపి రాస్తారు, ఒకరు విడదీస్తారు, ఒకరు సున్నా పెడితే మరొకరు పొల్లు రాస్తారు. అన్ని రూపాల్లో వెతికితే చిత్తూరు ఉపాధ్యాయురాలు ఒకరు పిల్లలతో తలకోన వెళ్లిన సంగతి రాసిన పేజీ దొరికింది. దారి వివరాలు మా సైటులో చూశామని రాశారు, లింకు లేదు. ‘టీచర్‌గారూ, మా పేరు రాసినందుకు కృతజ్ఞతలు. దాన్ని నొక్కితే పేజీ తెరుచుకునేలా చేయగలరా?’ అని మెయిల్ పెట్టాను. సాయంత్రానికల్లా చేసేశారు. పోయిన నెల అలాంటివే ఇంకో రెండు కనిపించాయి, ఈ ఆదివారం వారికీ రాస్తాను.