వరికి కట్టిన తాయెత్తులు: మూడు ఖరీఫ్‌ల ట్రైకో కార్డు అనుభవం

మాది ఇచ్ఛాపురం దగ్గర పల్లె, గట్టు దాటితే ఒడిశా. రెండెకరాల వరిలో మూడు ఖరీఫ్‌లుగా కాండం తొలిచే పురుగుకి ఈ కార్డులే కడుతున్నాను. మొదటిసారి కడుతుంటే గట్టు అవతల పొలం ఉన్న మా బావ చూసి, "ఏటి బావా, వరికి తాయెత్తులు కడుతున్నావేటి?" అన్నాడు.

తాయెత్తులో ఏముందంటే, పోస్టుకార్డంత అట్ట మీద గసగసాల్లా అతికించిన ఇరవై వేల దాకా గుడ్లు. అవి పాత బియ్యంలో, నూకల్లో గూడు కట్టే పురుగు గుడ్లే, కాకపోతే లోపల పెరుగుతున్నది ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ. మిల్లీమీటరు కూడా ఉండదు. బయటికొచ్చి మన మడిలో పురుగు గుడ్లు వెతికి వాటిలో తన గుడ్డు పెడుతుంది, ఇక ఆ గుడ్డు నుంచి పురుగు రాదు.

ఇది సరిగ్గా అర్థం కాకే మొదటి ఏడాది డబ్బు పోగొట్టుకున్నాను. తెల్లకంకులు, అంటే పురుగు కాండం తొలిచేశాక గింజ పట్టక తెల్లబడిన కంకులు, కనిపించాక కట్టాను! అప్పటికే పురుగు కాండంలో కూర్చుంది, కందిరీగకేమో గుడ్డుతో తప్ప పురుగుతో పనే లేదు. రెండో ఏడాది లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని పట్టేవి) పెట్టి, రెక్కల పురుగులు పడటం మొదలవగానే, అంటే నాట్లు వేసిన నెలకి, ఎకరానికి రెండు కార్డుల చొప్పున వారం వారం కట్టాను. ముక్కలుగా కత్తిరించి సాయంత్రం పూట ఆకు అడుగున స్టాప్లర్ కొట్టడమే. గట్టు వారన కట్టినవాటిని చీమలు నున్నగా తుడిచేశాయి, నీళ్లున్న నడి మడిలో మాత్రం బతికాయి.

పనిచేస్తుందా లేదా అని ఆకు కొనల మీది గుడ్ల ముద్దలు ఎనిమిది తెచ్చి పచ్చడి సీసాలో వేసి గుడ్డ కట్టాను. ఐదింటి నుంచి కందిరీగలొచ్చాయి, కానీ వాటిలోనూ రెండింటి నుంచి కొన్ని పురుగులు కూడా వచ్చాయి. ముద్ద మీద నూగు ఉంటుంది, అడుగు వరుస గుడ్ల దాకా కందిరీగ చేరలేదు. నూటికి నూరు అని చెప్పేవాళ్లని నమ్మొద్దు. నాకు తెల్లకంకులు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

ట్రైకోగ్రామాలో రకాలున్నాయి: కాండం పురుగుకి జపానికమ్ అని అడిగి తీసుకోండి, కైలోనిస్ ఆకుముడత పురుగుకి. ఒకసారి పార్శిల్ రెండ్రోజులు ఆలస్యమై కవరులోనే కందిరీగలు పాకుతూ వచ్చాయి, టెన్షన్ పడి రాత్రికి రాత్రే మడిలో విప్పేశాను. ఒకట్రెండు రోజులు ఆపాలంటే ఫ్రిజ్ తలుపు అర చాలు, ఫ్రీజర్‌లో పెడితే చచ్చిపోతాయి. (పెరుగు గిన్నె పక్కన పురుగులేటని ఇంట్లో గొడవ వేరే.)

అసలు తలనొప్పి మందు గాలి. మూడో ఏడాది బావ పిచికారీ కొట్టిన మర్నాడే నేను కట్టిన కార్డులు, ఆయన గట్టు వైపువన్నీ వృథా. ఈసారి నీ పొలంలోనూ కట్టు అన్నాను, ముందు బుట్టలు పెట్టి చూస్తానన్నాడు.